నదిపై కాలువ, కాలువ కింద నావ: పి.గన్నవరం నుంచి సముద్రం దాకా

పి.గన్నవరంలో గోదావరిని చూడాలంటే ముందు వంతెన మీద కాదు, వంతెన కింద నిలబడాలి. అడుగున వైనతేయ పాయ సముద్రం వైపు పోతుంటుంది. దాని నెత్తిమీదుగా, అక్విడెక్టులో, ధవళేశ్వరం నుంచి వచ్చిన కాలువ అడ్డంగా అవతలి ఒడ్డుకు దాటుతుంది. ఆ నీళ్లు అందకపోతే నగరం దీవికి వరిచేలు లేవు. 1850లలో కాటన్ దొర హయాంలో హేగ్ అనే ఇంజినీరు 49 కమానులతో కట్టించిన పాత అక్విడెక్టు కోనసీమ తలరాత మార్చింది. దాని పక్కనే 2000లో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమె మెట్టిల్లు ఇక్కడి లంకల గన్నవరమే. రేవు దాటి ఆకలితో వచ్చినవాళ్లకు వేళ చూడకుండా అన్నం పెట్టిన తల్లి. నీరు మోసే కట్టడానికి అంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

రోడ్డు మీద పోయేవాళ్లకు కోనసీమ దీవి అనే సంగతే గుర్తుండదు. కొబ్బరితోటలు, అరటితోటలు, మధ్యలో వంతెన, మళ్లీ తోటలు. ఆ సంగతి బూరుగులంక రేవులో తెలుస్తుంది. వరద రాగానే అక్కడి మట్టిబాట కొట్టుకుపోతుంది. ఇక ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక జనానికి పడవే దారి. బడిపిల్లలు, పాలక్యాన్లు, కూరగాయల బుట్టలు, పురిటికి బయల్దేరిన ఆడపడుచు, అందరూ ఒకే పడవలో. శాశ్వత వంతెన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఊళ్లివి. ఫొటో తీసుకునే ముందు ఆ మాట తలుచుకోవాలి.

వరద తీసి నీరు తేటపడ్డాక, కార్తీకం నుంచి మాఘం దాకా, వైనతేయలో పడవ ప్రయాణం కన్నులపండువ. ఇసుక మేటల మీద కొంగలు, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, నీటిలోకి బాణంలా దూకే లకుముకి పిట్టలు. కుడి ఒడ్డున అప్పనపల్లి బాలబాలాజీ గుడి. ఇంకా కిందికి పోతే పాశర్లపూడి. 1995 జనవరిలో చమురు బావి పేలి రెండు నెలలకు పైగా మండింది ఇక్కడే. ఆ మంటల వెలుగుకు రాత్రి తెలియలేదని చెప్పేవాళ్లు ఈ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. బోడసకుర్రు వంతెన దాటాక నీటి రుచి మారుతుంది, గాలి బరువెక్కుతుంది. ఒకవైపు ఓడలరేవు, మరోవైపు కరవాక. నడుమ వైనతేయ బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడి అలల్లోకి నావ నడపడం పుట్టుకతో నేర్చిన మత్స్యకారులకే చెల్లు. వాళ్లు వద్దంటే మనం ఒడ్డునే ఆగాలి.

అడవి చూడాలంటే మళ్లీ రోడ్డెక్కాలి. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, బాలయోగి వారధిపై గౌతమిని దాటి యానాం, అక్కణ్ణించి కోరంగి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఉప్పునీటి బురదలోంచి శ్వాసవేళ్లు మేకుల్లా పైకి లేచి ఉంటాయి. నీటికుక్కలు గుంపుగా ఈదుతాయి. చేపలు పట్టే నీటి పిల్లి మాత్రం రాత్రి తిరిగే జీవి, అదృష్టం ఉంటేనే కంటబడుతుంది. శీతాకాలంలో ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ట్రాలర్ల వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తాబేలు తప్పించుకునే మార్గం ఉన్న వలలు ఉన్నాయి. వాటిని ప్రతి ట్రాలరుకూ తప్పనిసరిగా వాడించాలి.

దిండిలో హౌస్‌బోట్లు తిరుగుతున్నాయి, కోరంగిలో అటవీశాఖ పడవలున్నాయి. వైనతేయకు కూడా అలాంటి ఏర్పాటు కావాలి. గన్నవరంలో దిగడానికి పటిష్ఠమైన మెట్లరేవు, లైఫ్‌జాకెట్లున్న లైసెన్సు పడవలు, నడిపేది లంకల పడవవాళ్లే. వరద రోజుల్లో బడిపిల్లల్ని దాటించేదీ ఆ పడవలే కావాలి, ఆ జాకెట్లు ముందు ఆ పిల్లలకే వేయాలి.