చేను మేసినదెవరో చెప్పే కెమేరా



తెల్లవారి వేరుశనగ చేనుకు పోయి చూస్తే మొక్కలు పాడై ఉంటాయి. "జింకలు పడ్డాయి" అంటారు ఒకరు. "కాదు, పందులు" అంటారు మరొకరు. అడవిపంది నేల తవ్వి కాయ తింటుంది. జింకకు పై దవడలో ముందుపళ్లు లేవు. కావున అది మేసిన కొస పీకినట్లు చీలికలుగా ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో కోసినట్లుంటుంది. ఈ గుర్తులతో సగం సంగతి తెలుస్తుంది. ఏ వేళ వచ్చింది, ఏ దారిన వచ్చింది అన్న మిగతా సగాన్ని కెమేరా చెబుతుంది.

చెట్టుకు కట్టే ఈ కెమేరా ఎదుట, పరిసరాలకంటె వెచ్చనైన ప్రాణి ఏదైనా కదిలితే తనంతతానే ఫొటో తీస్తుంది. తేదీ, వేళ కూడా దానిపై పడతాయి. రాత్రివేళ పరారుణ కాంతితో తీస్తుంది గనుక ఆ బొమ్మలు నలుపు తెలుపులలో ఉంటాయి.

అమెరికాలో ఒక వేటకాలం ముగిసి మరొకటి వచ్చేలోగా తెల్లతోక జింకలను ఇట్లే పరిశీలిస్తారు. శీతకాలంలో రాలిన కొమ్ములు వేసవికి తిరిగి ఎదుగుతాయి. ఆ కొమ్ముల తీరునుబట్టి పోతులను గుర్తుపడతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడుట నేరం. మనకు కెమేరా కావలసింది పంట కాపాడుకొనుటకే.

మరి దానిని ఎట్లా అమర్చాలి? అడుగుజాడలున్న గట్టు చూచి, మోకాటికి పైన, నడుముకు దిగువన కట్టండి. ముఖం ఉత్తరానికి ఉంటే ఉదయం, సాయంత్రం ఎండ కంట్లో పడదు. దారికి ఏటవాలుగా పెట్టండి. అడ్డంగా పెడితే జంతువు దాటిపోయాక తోక మాత్రమే పడుతుంది. ఎదుట ఊగే గడ్డి కోసివేయాలి. లేకుంటే గాలికి ఊగిన గడ్డికే వందల ఫొటోలు పడతాయి. ముందుగా గడియారం సరిచేయుట మరువకండి. అడవిలో పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మీ గట్టున పెట్టుకొనుటే మేలు.

ఇరవై ఫొటోలు పడితే ఇరవై జింకలు వచ్చాయనుకోరాదు. ఒక్కటే ఇరవైసార్లు తిరిగి ఉండవచ్చు. చుక్కల దుప్పికైతే ఒకదాని చుక్కల వరుస మరొకదానికుండదు, పోల్చి చూడండి. కృష్ణజింక ఎక్కువగా పగలు మేస్తుంది, కణితి రాత్రి తిరుగుతుంది. కనుక వేళ తెలిస్తే కావలి ఎప్పుడు కాయాలో తెలుస్తుంది. దారి తెలిస్తే కంచె ముందుగా ఎక్కడ బాగుచేయాలో తెలుస్తుంది. నష్టపరిహారపు అర్జీకి ఆ ఫొటో ఆధారమవుతుంది.

ఒక్క మాట. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టకండి. అది జింకనని, ఎద్దనని, పొరుగు రైతనని చూడదు. విస్తరణ కార్యకర్తలు ఊరికొక కెమేరా సమకూర్చి, వంతులవారీగా అందరికీ అందేట్లు చూస్తే, ఎవరి చేనుకు ఏది వస్తున్నదో ఊరంతా తెలుసుకోవచ్చు. శత్రువెవరో తెలియక చీకట్లో తీగ కట్టేకంటె, తెలుసుకొని కాపు కాయుట మేలు కదా!