ఎర్ర చుక్క కొనేముందు

అమెరికాలో మనవాళ్ళు వారాంతాల్లో క్రికెట్‌కో, టెన్నిస్‌కో వెళ్ళడం మామూలే. షూటింగ్ రేంజ్‌కి వెళ్ళేవాళ్ళూ కొందరున్నారు. వారిలో నేనూ ఒకణ్ణి. రైఫిల్ కొన్న మిత్రులు ఆ వెంటనే అడిగే ప్రశ్న ఒకటే: "రెడ్ డాట్ సైట్ ఏది కొనమంటారు?" కంపెనీ పేరూ, ధరా చెప్పేస్తే వాళ్ళకి చాలు. రిక్వైర్‌మెంట్స్ రాసుకోకుండా ప్రాజెక్టు మొదలుపెట్టినట్టుంటుంది వ్యవహారం! ముందు తేల్చుకోవలసినవి రెండు: మీ కన్ను ఎలాంటిది? మీరు కాల్చే దూరం ఎంత?

ఇంతకీ ఏమిటిది?

రెడ్ డాట్ అంటే లేజర్ కాదు. లక్ష్యం మీద ఎర్ర వెలుగేదీ పడదు. సైట్ లోపలి చిన్న ఎల్.ఇ.డి. వెలుగు ముందున్న అద్దానికి తగిలి మీ కంటివైపు తిరిగొస్తుంది. అద్దం మీది పూత ఆ ఎరుపును వెనక్కి పంపి, బయటి దృశ్యాన్ని లోపలికి రానిస్తుంది. అద్దం వంపు వల్ల చుక్క ఎక్కడో దూరాన, లక్ష్యం దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ ఇలాంటి ఎలక్ట్రానిక్ సైట్‌ను 1975లో మార్కెట్లోకి తెచ్చింది.

చత్వారం వచ్చినవారికి

ఇనుప సైట్లతో గురి చూడాలంటే వెనక రంధ్రం, ముందు ములుకు, లక్ష్యం మూడూ ఒకే వరుసలోకి రావాలి. కన్నేమో ఒకసారికి ఒక దూరం మీదే నిలుస్తుంది. నలభై దాటి చత్వారం వచ్చాక ఆ ములుకు మసకబారుతుంది. రెడ్ డాట్‌తో ఆ బాధ లేదు. చూపు లక్ష్యం మీద ఉంచితే చాలు, చుక్క కూడా అక్కడే కనిపిస్తుంది. పైగా రెండు కళ్ళూ తెరిచే కాల్చవచ్చు.

ఆస్టిగ్మాటిజం ఉన్నవారి సంగతి వేరు. వారికి గుండ్రటి చుక్క తోకచుక్కలాగానో, వెలుగుతున్న మతాబాలాగానో కనిపిస్తుంది. సరుకు పాడైందని తిప్పి పంపేముందు సైట్‌ను రైఫిల్‌కి బిగించకుండా విడిగా పట్టుకుని, సెల్‌ఫోన్ కెమెరాలోంచి చూడండి. కెమెరాలో చుక్క గుండ్రంగా ఉంటే లోపం కంటిదే. వెలుగు తగ్గించి, సరైన కళ్ళద్దాలు పెట్టుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే ప్రిజం సైట్ చూడండి. అందులో గురి గుర్తు అద్దం మీదే చెక్కి ఉంటుంది, బ్యాటరీ అయిపోయినా కనిపిస్తుంది. కాకపోతే కన్ను దానికి దగ్గరగా, సరైన చోట ఉంచాలి.

చుక్క ఎంత ఉండాలి?

చుక్క సైజును ఎమ్.ఓ.ఏ. అనే కోణంలో కొలుస్తారు. 100 గజాల దూరంలో 1 ఎమ్.ఓ.ఏ. అంటే ఇంచుమించు ఒక అంగుళం. 2 ఎమ్.ఓ.ఏ. చుక్క 100 గజాల దగ్గర రెండంగుళాలనూ, 25 గజాల దగ్గర అరంగుళాన్నీ కప్పుతుంది. 6 ఎమ్.ఓ.ఏ. చుక్క త్వరగా కంటపడుతుంది గానీ, 100 గజాల దగ్గర ఆరంగుళాలను మూసేస్తుంది. దగ్గరా దూరమూ రెండూ కావాలంటే 2 మంచి రాజీ.

బ్యాటరీ విషయానికొస్తే, ఎయిమ్‌పాయింట్ టి-2 ఒక నాణెం బ్యాటరీతో నడిమి వెలుగులో 50,000 గంటలు, అంటే ఐదేళ్ళకు పైగా పనిచేస్తుందని కంపెనీ లెక్క. రెండువందల డాలర్ల లోపు దొరికే సిగ్ రోమియో-5 కదలకుండా ఉంటే ఆరిపోయి, కదిపితే మళ్ళీ వెలుగుతుంది. ఎల్.ఇ.డి. బదులు లేజర్ వాడే హోలోగ్రాఫిక్ సైట్లకు బ్యాటరీ చాలా త్వరగా ఖర్చవుతుంది. పిండి కొద్దీ రొట్టె అన్నమాట నిజమే. కానీ వారానికోసారి రేంజ్‌కి వెళ్ళేవారికి అంత పిండి అవసరమా అన్నదీ ఆలోచించాలి. ఏ రకమైనా ఏటా ఉగాదికి బ్యాటరీ మార్చేస్తే మరిచిపోయే పని ఉండదు. పాత నాణెం బ్యాటరీలు చిన్నపిల్లలకు అందనివ్వకండి. మింగితే ప్రాణానికే ముప్పు.

అసలు మెలిక ఇక్కడుంది

ఎ.ఆర్.-15 రకం రైఫిల్ మీద సైట్ గొట్టం కంటే రెండున్నర అంగుళాలకు పైగా ఎత్తులో కూర్చుంటుంది. చూపు పైనుంచి, తూటా కిందనుంచి వెళతాయి. 50 గజాల దగ్గర గురి కుదిర్చిన రైఫిల్‌తో 7 గజాల దగ్గర కాలిస్తే తూటా చుక్క కంటే రెండంగుళాలకు పైగా కిందపడుతుంది. 25 గజాల దగ్గర సుమారు అంగుళం కింద పడుతుంది. ఎంత ఖరీదైన సైటైనా ఇంతే. ఇది తెలియక సైట్‌ను తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే. గురి సరిచేసే మీటకు ఒక్కో క్లిక్ సాధారణంగా అర ఎమ్.ఓ.ఏ. కనుక 25 గజాల దగ్గర అంగుళం జరపాలంటే 8 క్లిక్కులు తిప్పాలి.

వీసా మీద ఉన్నవారు ఆగండి

సైట్ కొనడానికి తుపాకీకి కావలసిన కాగితాలు అక్కర్లేదు. కానీ హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీగానీ, తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకున్నా అది ఈ నిషేధం కిందికే రావచ్చు. సరదాగా తీయించుకున్న ఫోటో గ్రీన్ కార్డుకే ఎసరు పెట్టగలదు. మిత్రుణ్ణి రేంజ్‌కి పిలిచేముందు అతని వీసా సంగతి కనుక్కోండి. అలాగే ఈ సైట్లు ఎగుమతి నియంత్రణ కిందికి వస్తాయి. ఇండియా వెళుతూ బావమరిది ఎయిర్ రైఫిల్‌కని సూట్‌కేసులో పడేసుకోకండి.

ద్రోణుడు అడిగినప్పుడు పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనిపించడం లేదన్న అర్జునుణ్ణి చిన్నప్పట్నుంచీ మెచ్చుకుంటున్నాం. రేంజ్‌లో మాత్రం చెట్టూ, కొమ్మా, దాని వెనక ఏముందో అన్నీ కనిపించాలి. రెండు కళ్ళూ తెరిచి కాల్చనిచ్చే రెడ్ డాట్ వల్ల నా దృష్టిలో అసలు లాభం ఇదే. దుకాణానికి వెళ్ళేటప్పుడు రోజూ పెట్టుకునే కళ్ళద్దాలే పెట్టుకుని వెళ్ళండి. మూడు నాలుగు రకాలు చేతిలోకి తీసుకుని చూడండి. సైట్‌కి పెట్టదలచిన డబ్బులోంచి ముందు ఒక మంచి గన్ సేఫ్‌కి తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంట్లో మీ కంటికి గుండ్రంగా కనిపించిన చుక్కను కొనుక్కోండి.