ఎస్‌పీవీ

స్మార్ట్ సిటీల వార్తల్లో తరచూ కనిపించే పదం ఎస్‌పీవీ. స్పెషల్ పర్పస్ వెహికల్ అంటే ఒక నిర్దిష్ట పని కోసమే పెట్టే కంపెనీ.

మన రాజ్యాంగంలో పురపాలన రాష్ట్రాల అంశం. కేంద్రం నగరాలను నేరుగా నడపలేదు, నిధులిచ్చి షరతులు పెట్టగలదు. 2015 జూన్ 25న మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్‌లో 100 నగరాలకు రూ.48,000 కోట్లు ప్రకటించింది. దానికి పెట్టిన కీలక షరతు ఎస్‌పీవీ. ఇందులో రాష్ట్రానికీ, నగరపాలక సంస్థకూ చెరిసగం వాటా. విశాఖపట్నం, కాకినాడ, వరంగల్, కరీంనగర్‌లలో ఈ కంపెనీలే పనులు చేపట్టాయి.

పనులు త్వరగా తెమలాలన్నది ఉద్దేశం. అది సబబే. కానీ పట్టణ ప్రణాళిక సహా 18 అంశాలను ఎన్నికైన పురపాలికలకు అప్పగించే దారి వేసింది 74వ రాజ్యాంగ సవరణ. ఎస్‌పీవీలో నిర్ణయాలు బోర్డువి, అమలు సీఈఓది. కార్పొరేటర్‌ను వీధిలో ఆపి నిలదీసే ఓటరు ఆ బోర్డును ఎక్కడ నిలదీస్తాడు?

మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది. ఇకపై ఈ కంపెనీలను కొనసాగిస్తే, వాటి లెక్కలూ ప్రణాళికలూ ముందుగా కౌన్సిల్ ముందుకు రావాలి.