వెబ్‌సైట్ల తయారీ నుంచి ఫ్రంట్ ఎండ్ ప్రోగ్రామింగ్‌కు: మారవలసింది ఎవరు, ఎప్పుడు?

కోల్‌కతా: గరియాహాట్‌లోని చీరల దుకాణానికి, కాలేజ్ స్ట్రీట్‌లోని చిన్న ప్రచురణ సంస్థకు, వీధి మలుపులోని కోచింగ్ సెంటర్‌కు వెబ్‌సైట్ కావాలంటే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ అవసరం లేదు. ఇంటి నుంచి పనిచేసే ఒక ఫ్రీలాన్సర్ సరిపోతారు. అదే నగరంలోని సాల్ట్‌లేక్ సెక్టార్ ఫైవ్, న్యూటౌన్ ప్రాంతాల ఐటీ కార్యాలయాలలో మాత్రం ఫ్రంట్ ఎండ్ ప్రోగ్రామర్ అనే వేరొక ఉద్యోగం ఉంది. మొదటి పని చేసేవారు రెండవ దానికి మారాలా అన్న ప్రశ్న ఇప్పుడు వారి జీవనోపాధికి సంబంధించినది. విజయవాడలో, హైదరాబాద్‌లో ఇదే వృత్తిలో ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది.

రెండు పనులకూ తేడా ఏమిటి?

వెబ్‌సైట్ తయారుచేసే ఫ్రీలాన్సర్ సాధారణంగా వర్డ్‌ప్రెస్ వంటి సిద్ధ వేదికపై ఒక నమూనాను ఎంచుకుని, రంగులు, ఫొటోలు, వివరాలు అమర్చి వ్యాపారికి అప్పగిస్తారు. డొమైన్ కొనడం, హోస్టింగ్ చూడడం, ఏడాదికోసారి పునరుద్ధరించడం కూడా వారి బాధ్యతే. కొనుగోలుదారు దుకాణ యజమాని. ఆయనకు కావలసింది కోడ్ కాదు, ఫోన్ మోగడం.

ఫ్రంట్ ఎండ్ ప్రోగ్రామర్ వినియోగదారు తెరపై కనిపించే భాగాన్ని కోడ్‌తో నిర్మిస్తారు. రైలు టికెట్ల యాప్‌లో తేదీ మార్చగానే పేజీ మొత్తం మళ్లీ తెరుచుకోకుండా జాబితా మారిపోవడం ఇలాంటి పనే. ఇక్కడ కొనుగోలుదారు ఒక కంపెనీ లేదా ఏజెన్సీ. పని బృందంలో జరుగుతుంది. ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు తనిఖీ చేస్తారు. కాబట్టి ఈ మార్పు కొత్త సాంకేతికత నేర్చుకోవడంతో ముగియదు. ఎవరికి అమ్ముతున్నామన్నదే మారిపోతుంది.

పాత పనిపై ఒత్తిడి ఎందుకు?

వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దానిపైనే నడుస్తున్నాయి. 2006లో మొదలైన విక్స్, షాపిఫై వంటి సేవలు కోడ్ తెలియనివారు కూడా స్వయంగా సైట్ పెట్టుకునే వీలు కల్పించాయి. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ వల్ల చిన్న దుకాణదారు తన సరుకుల జాబితాను నేరుగా ఫోన్‌లోనే చూపగలుగుతున్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ఒక సాధారణ పేజీకి కావలసిన రాత, కోడ్ రెండూ నిమిషాలలో లభిస్తున్నాయి. నమూనాను అమర్చి ఇవ్వడానికి మాత్రమే ఉన్న విలువ ఈ విధంగా తగ్గుతూ వచ్చింది.

ఆదాయం లెక్క

నిర్ణయానికి ముందు గంటకు ఎంత వస్తున్నదో తేల్చుకోవాలి. ఉదాహరణకు ఒక సైట్‌కు 15,000 రూపాయలు వస్తున్నాయనుకుందాం. తయారీకి 40 గంటలు పడితే గంటకు 375 రూపాయలు. కానీ ఖాతాదారును వెదకడం, ఫొటోల కోసం తిరగడం, మార్పులు చేయడం, మిగిలిన సొమ్ము వసూలు చేసుకోవడం వంటి వాటికి మరో 35 గంటలు పోతే గంటకు దక్కేది 200 మాత్రమే.

మరొక వైపు నిర్వహణ రుసుము ఉంటుంది. పది మంది ఖాతాదారులు నెలకు వెయ్యి చొప్పున ఇస్తే ఏడాదికి 1,20,000 రూపాయలు. కొత్త వృత్తికి పూర్తిగా మారినవారు ముందుగా వదులుకునేది దీనినే. సంవత్సరాల నమ్మకంతో కుదిరిన ఈ రాబడిని తిరిగి నిర్మించుకోవడం తేలిక కాదు.

ఫ్రంట్ ఎండ్‌లో పోటీ లేదా?

పోటీ ఉంది. ఐటీ కంపెనీలు తొలి స్థాయి ఉద్యోగాలకు ఎక్కువగా కళాశాలల ప్రాంగణ నియామకాలపై ఆధారపడతాయి. కృత్రిమ మేధ తేలికగా రాయగల కోడ్‌లో ఫ్రంట్ ఎండ్ కోడ్ కూడా ఒకటి. పైగా ఈ రంగంలో పనిముట్లు త్వరగా మారతాయి. 2006లో జేక్వెరీ, 2010లో యాంగ్యులర్‌జేఎస్, 2013లో రియాక్ట్, 2014లో వ్యూ వచ్చాయి. ఒక్క పనిముట్టునే నేర్చుకున్నవారు కొన్నేళ్లకు మళ్లీ మొదటికి రావలసి ఉంటుంది. 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్ మాత్రం వీటన్నిటికీ పునాదిగా నిలిచి ఉంది.

ఫ్రీలాన్సర్‌కు ఉన్న బలం వేరు. ఖాతాదారు నోటిమాటను పనిగా మార్చడం, ధర మాట్లాడడం, గడువుకు అప్పగించడం వారికి అలవాటు. లోటు బృంద పద్ధతులలో ఉంటుంది. గిట్ వాడకం, పరీక్షలు రాయడం, ఇతరుల కోడ్ చదవడం వంటివి ఒంటరిగా పనిచేసినవారికి పరిచయం తక్కువ.

మధ్యే మార్గం

రెండు పనుల మధ్య గోడ కనిపించినంత ఎత్తుగా లేదు. 2018 డిసెంబరులో విడుదలైన వర్డ్‌ప్రెస్ 5.0 నుంచి అందులోని బ్లాక్ ఎడిటర్ రియాక్ట్‌తోనే నడుస్తున్నది. అందుకు సొంత బ్లాకులు రాయడం నేర్చుకున్నవారు పాత ఖాతాదారులకు సేవలందిస్తూనే కొత్త విద్యలో అడుగు పెట్టవచ్చు.

సైట్ వేగం పెంచడం, వికలాంగులకు అనువుగా తీర్చిదిద్దడం కూడా నమూనాలతో తీరని పనులు. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న పేర్కొన్నది. ఐరోపా సమాఖ్యలో ఇలాంటి సౌలభ్య నిబంధనలు 2025 జూన్ 28 నుంచి వర్తిస్తున్నాయి. విదేశీ ఖాతాదారులున్న ఫ్రీలాన్సర్లకు ఇది అవకాశమే.

భారతీయ భాషలది మరో అవసరం. ఇంగ్లిష్‌ను దృష్టిలో ఉంచుకుని వరుసల మధ్య దూరం తగ్గించిన పేజీలో తెలుగు ఒత్తులు, బెంగాలీ సంయుక్తాక్షరాలు ఇరుకున పడతాయి. దానిని గుర్తించి సరిచేసేందుకు ఆ లిపి చదవగలిగిన మనిషి కావాలి.

ఏ క్రమంలో నేర్చుకోవాలి?

ముందుగా హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లను నమూనా సాయం లేకుండా రాయగలగాలి. తరువాత జావాస్క్రిప్ట్, గిట్. ఆపై రియాక్ట్, టైప్‌స్క్రిప్ట్. ఫ్రీకోడ్‌క్యాంప్, ఎండీఎన్ వంటి చోట్ల పాఠాలు ఉచితంగా లభిస్తాయి కనుక భారీ రుసుము చెల్లించే ముందు వాటితో తమ ఆసక్తిని పరీక్షించుకోవచ్చు. అభ్యాసానికి తాము చేసిన పాత సైట్లలో ఒకదానిని తిరిగి కోడ్‌తో నిర్మించడం మంచి మార్గం. ఉద్యోగ ముఖాముఖిలో చూపడానికీ అది పనికివస్తుంది.

ఎవరు మారాలి?

ఖాతాదారులతో మాట్లాడడం కంటే కోడ్‌లోని చిక్కు విప్పడంలో ఎక్కువ తృప్తి పొందేవారు, గంటకు వచ్చే రాబడి ఏటా తగ్గుతున్నవారు, కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉన్నవారు మారడం సమంజసం. నిర్వహణ రాబడి స్థిరంగా ఉండి, వ్యాపారుల అవసరం గ్రహించడమే తమ బలమని తెలిసినవారికి ఉద్యోగం మారడం కంటే సేవల స్థాయి పెంచడమే మేలు. ఎటూ తేల్చుకోలేనివారు వారంలో రెండు రోజులు అభ్యాసానికి కేటాయించి, ఫ్రంట్ ఎండ్ పనికి తొలి చెల్లింపు అందేవరకు పాత ఖాతాదారులను వదులుకోకుండా ఉండవచ్చు.