రాత్రి పదింటికి... తొలి కాఫీ!

ఇరవై రెండేళ్లు వచ్చేదాకా కాఫీ గడప తొక్కనివాళ్లు కూడా అమీర్‌పేట వచ్చాక ఆ రుచి చూడక తప్పదు. అదీ ఇష్టపడి కాదు... నిద్ర ఆపుకోవడానికి!

రాత్రి పది దాటింది. మైత్రీవనం కూడలిలో కోర్సుల కరపత్రాలు పంచే కుర్రాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. పైన మెట్రో రైళ్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. వెనక సందుల్లోని హాస్టళ్లలో లైట్లు ఆరలేదు. తెల్లారి ఏడింటికల్లా జావా క్లాసు. నిన్న ఇచ్చిన ప్రోగ్రామే ఇంకా కుదరలేదు. కళ్లేమో మూతలు పడుతున్నాయి. ‘ఓ కాఫీ కొట్టు మామా, నిద్ర ఎగిరిపోద్ది’ అంటూ పక్క మంచం మీది సీనియర్ కెటిల్లో కాగిన నీళ్లలోకి పొడి ప్యాకెట్టు చింపి పోస్తాడు. పాలు లేవు. పంచదార అడుగున కాస్త. మొదటి గుక్కకే మొహం ముడుచుకుపోతుంది. ‘ఇదేంట్రా... కషాయంలా ఉంది!’

ఇది ఏ ఒక్కరి కథో కాదు. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం రెండు రాష్ట్రాల నుంచీ వచ్చే పిల్లలతో నిండే ఈ పేటలో ఏటా ఎందరికో ఎదురయ్యేదే. 2020లో కరోనా వచ్చాక చాలా క్లాసులు ఆన్‌లైన్‌కి మారాయి, జావా బోర్డుల పక్కన పైథాన్, డేటా సైన్స్ బోర్డులు వెలిశాయి. రాత్రి మేలుకోవడం మాత్రం మారలేదు.

అంత వయసొచ్చేదాకా కాఫీ తాగకపోవడమేంటని కృష్ణా, గోదావరి జిల్లాలవాళ్లకు అనిపించొచ్చు. అక్కడ చాలా ఇళ్లలో డికాషన్ వాసనతోనే తెల్లవారుతుంది. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ప్రాంతాలు కావడంతో ఆ అలవాటు అటునుంచి పాకింది. తెలంగాణలో అయితే చాయ్‌దే రాజ్యం. ఇక ఏ జిల్లాలోనైనా పిల్లలకు చెప్పే మాట ఒకటుంది: ‘కాఫీ తాగితే నల్లబడిపోతావ్’. ఇందులో నిజం లేదు. పిల్లలు గ్లాసు లాక్కోకుండా పెద్దలు కనిపెట్టిన ఉపాయమంతే. అది ఎంత బాగా పనిచేసిందంటే, కొందరు ఇంజినీరింగ్ అయ్యేదాకా దాన్ని నమ్మారు!

ఆ మాటకొస్తే పెద్దయ్యాక కాఫీ మొదలెట్టడం కొత్తేం కాదు. దక్షిణాది మధ్యతరగతిలో ఒక తరం తరమంతా అలా మొదలెట్టిందే. చద్దన్నంతో తెల్లవారే ఇళ్లలోకి కాఫీ చొరబడినప్పుడు తమిళనాట ఎంత గగ్గోలు పుట్టిందో చరిత్రకారుడు ఎ.ఆర్.వెంకటాచలపతి 2006లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు.

చేదుని నాలుక వెంటనే ఒప్పుకోదు. ప్రకృతిలో విషాలు చాలావరకు చేదుగానే ఉంటాయి కాబట్టి, అది జాగ్రత్త పడుతుంది. పాలు, పంచదార తోడై, తాగిన ప్రతిసారీ హుషారు వస్తుంటే కొన్నాళ్లకి ఆ చేదే బాగుందనిపిస్తుంది.

మరి ఆ హుషారు ఎక్కడిది? మెలకువగా ఉన్నంతసేపూ మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంటుంది. అది వెళ్లి తన గ్రాహకాల మీద కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. కాఫీలోని కెఫీన్ దానికంటే ముందే వెళ్లి ఆ కుర్చీల్లో కూర్చుంటుంది. అంటే నిద్ర ఎగిరిపోలేదు, గుమ్మం బయట నిలబడి ఉందన్నమాట. కెఫీన్ లేవగానే ఒక్కసారిగా లోపలికొస్తుంది. అలవాటు లేని ఒంటికి ఈ దెబ్బ ఎక్కువ. గుండె దడ, చేతుల వణుకు, కడుపులో మంట... తొలి కప్పుకే ఇవన్నీ చూసి కంగారుపడేవాళ్లున్నారు.

అసలు చిక్కు టైముతోనే. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఓ పెద్ద కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో దాదాపు 60 మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే, రాత్రి పదింటికి తాగినదాంట్లో సగం తెల్లవారుజామున మూడింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని అమెరికాలో 2013లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. ఏడింటి క్లాసులో కునికిపాట్లు, అవి పోవడానికి మళ్లీ కాఫీ, రాత్రికి మళ్లీ మేలుకోవడం. నాన్న అప్పు తెచ్చి కట్టిన ఫీజు ఇలా కరిగిపోతుంటే అంతకంటే చేదు ఏముంటుంది?

అలాగని కాఫీ శత్రువేం కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఫర్వాలేదని, గర్భిణులు 200 దాటకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. కొత్తగా మొదలెట్టేవాళ్లు మాత్రం పొద్దున టిఫిన్ తిన్నాక, పాలు కలిపిన అర గ్లాసుతో మొదలుపెడితే మంచిది. మధ్యాహ్నం దాటాక వద్దు. గుండె జబ్బుకో, థైరాయిడ్‌కో మందులు వాడుతుంటే ముందు డాక్టర్ని అడగాలి. రక్తహీనత ఉన్న అమ్మాయిలు భోజనంతోపాటు తాగకూడదు... తిండిలోని ఇనుము సరిగా ఒంటికి పట్టదు. బాగా అలవాటయ్యాక ఉన్నట్టుండి మానేస్తే కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు. దానికి భయపడే చాలామంది మళ్లీ కప్పు పట్టుకుంటారు.

ఇంకో సంగతి. కెటిల్ నీళ్ల కాఫీ తాగి ‘కాఫీ అంటే ఇంతే’ అనుకుంటే పొరపాటే. స్టీలు ఫిల్టర్లో పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, చుక్కచుక్కగా దిగిన చిక్కటి డికాషన్‌లో వేడి పాలు కలిపితే వచ్చే రుచి వేరు. పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చికోరీ ఎంతుందో చూడాలి. చికోరీ అంటే కాఫీ గింజ కాదు, ఓ మొక్క వేరు. రంగూ చిక్కదనం ఇస్తుంది, కెఫీన్ ఉండదు. మన అరకు కొండల్లో గిరిజన రైతులు పండించే అరాబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017 నాటికే అది పారిస్‌లో దుకాణం తెరిచింది. అమీర్‌పేట హాస్టల్ గదికి మాత్రం రావాల్సే ఉంది!

సంక్రాంతికి ఊరెళ్లిన కుర్రాడు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడతాడు. ‘అమ్మా, కాఫీ ఉందా?’ ఇంట్లో ఉన్నది చాయ్‌పత్తీ. అమ్మ పక్కింట్లోంచి ఓ ప్యాకెట్టు అడిగి తెచ్చి, పాలు పొయ్యి మీద పెడుతుంది. గ్లాసు చేతికిస్తూ కొడుకు కళ్లకింది నలుపు చూసి అడుగుతుంది... ‘రాత్రిళ్లు పండుకుంటున్నవా బిడ్డా?’