తోట కాపరి

ఎన్నికలనగానే మనకు ఎమ్మెల్యేలు, ఎంపీలు, కార్పొరేటర్లు, సర్పంచులు గుర్తొస్తారు. కేవలం పార్కులను చూసుకోవడానికే ప్రజలు ఓట్లేసి కొందరిని ఎన్నుకుంటారంటే నమ్మడం కష్టమే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మిన్నియాపొలిస్ నగరంలో 140 ఏళ్లకు పైగా అదే జరుగుతోంది. మన ఊళ్లలో పార్కులు మున్సిపాలిటీ కిందే ఉంటాయి. అక్కడ మాత్రం వాటికోసం ప్రత్యేకంగా ఒక బోర్డు ఉంది. అందులో 9 మంది సభ్యులు. ఆరుగురిని ఒక్కో ప్రాంతంవారు, ముగ్గురిని నగరమంతా కలిసి నాలుగేళ్లకోసారి ఎన్నుకుంటారు. పార్కుల కోసం వసూలయ్యే పన్ను, పార్కులకు సొంత పోలీసులు కూడా ఆ బోర్డుకున్నాయి.

ఇంత చిన్న పనికి ఇంత పెద్ద ఏర్పాటా అనిపించవచ్చు. కానీ మానవుడికి దేవుడు అప్పగించిన మొట్టమొదటి పని ఏమిటో ఆదికాండము రెండో అధ్యాయంలో చూస్తే ఆ పని చిన్నదని అనలేం. ఒక తోటను సాగు చేయడం, దాన్ని కాపాడడం - ఇదే ఆదాముకు దొరికిన ఉద్యోగం. అందులో రెండు మాటలున్నాయి. సాగు చేయడమంటే మనందరికీ ఇష్టమే. మొక్క నాటేటప్పుడు చుట్టూ పదిమంది ఉంటారు, ఫొటోలుంటాయి, చప్పట్లుంటాయి. కాపాడడం అలా కాదు. ఎండాకాలంలో నీళ్లు పోసేవాడిని ఎవరూ చూడరు.

ఈ రెండో పని విలువ తెలిసిన వ్యక్తి చార్లెస్ లోరింగ్. 1833లో అమెరికా తూర్పు తీరంలోని పోర్ట్‌లాండ్‌లో ఒక ఓడ కెప్టెన్ ఇంట పుట్టాడు. 1860లో మిన్నియాపొలిస్ చేరి వ్యాపారంలో స్థిరపడి, పిండి మిల్లుల యజమాని అయ్యాడు. అప్పట్లో ఆ నగరం గోధుమపిండికి పేరు మోస్తూ శరవేగంగా పెరుగుతోంది. చెరువుల చుట్టూ, నది ఒడ్డున ఉన్న నేల ఇంకా చవకగానే దొరుకుతోంది. ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేమని లోరింగ్, ఆయన మిత్రులు వాదించారు. పన్నులు పెరుగుతాయని కొందరు వ్యతిరేకించారు. చివరకు 1883లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది, నగర ప్రజలు ఏప్రిల్‌లో ఓటు వేసి దాన్ని ఆమోదించారు. అలా ఏర్పడిన పార్కుల బోర్డుకు లోరింగ్ మొదటి అధ్యక్షుడయ్యాడు.

ఆ ఏడాదే బోర్డు హొరేస్ క్లీవ్‌లాండ్ అనే ఉద్యాన శిల్పి సలహా తీసుకుంది. ఊరి మధ్య ఒక అలంకారపు తోట చాలదనీ, చెరువులనూ నది ఒడ్డునూ కలుపుతూ చెట్ల దారులు నగరమంతా పరుచుకోవాలనీ ఆయన చెప్పాడు. ఆ చెట్లు ఎదిగి నీడనిచ్చేసరికి ఆ సభ్యుల్లో చాలామంది ఉండరు. అది తెలిసే వారు ఆ పనికి పూనుకున్నారు. ఈ రోజు ఆ నగరంలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ పది నిమిషాల నడకలో ఒక పార్కు ఉంటుంది. 1890లో నగరం తన సెంట్రల్ పార్కుకు లోరింగ్ పేరు పెట్టుకుంది.

పదవి దిగిపోయాక కూడా ఆయన మనసు ఆ చెట్ల మీదే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన ఆ కౌంటీ వారు 568 మంది జ్ఞాపకార్థం 1921లో నగరపు అంచున ఒక పొడవైన రహదారిని అంకితం చేశారు. దానికిరువైపులా ఎల్మ్ చెట్లు నాటారు. వాటిని ఎప్పటికీ సంరక్షించేందుకు వృద్ధుడైన లోరింగ్ 50 వేల డాలర్ల నిధి ఇచ్చాడు. ఆ మరుసటి ఏడాదే, 1922లో, కన్నుమూశాడు. శిలాఫలకం మీద పేరు కోసం ఇచ్చేవారు చాలామంది ఉంటారు. చెట్టుకు నీళ్లు పోసే ఖర్చు కోసం ఇచ్చినవారు ఎందరుంటారు?

కాపలా ఎందుకు అవసరమో తర్వాతి తరం చూసింది. 1970లలో డచ్ ఎల్మ్ అనే తెగులు సోకి ఆ నగరంలో ఎల్మ్ చెట్లు వేల సంఖ్యలో చచ్చిపోయాయి. వీధులకు వీధులు బోసిపోయాయి. లోరింగ్‌ను ఎన్నడూ చూడని సభ్యులు ఆ మొద్దులు తీయించి, ఈసారి ఒకే జాతి కాకుండా రకరకాల చెట్లు నాటించారు. ఒకరు నాటిన దాన్ని మరొకరు కాపాడడమంటే ఇదే. పదవీకాలం నాలుగేళ్లే, కానీ పని నాలుగు తరాలది.

మన దగ్గర అలాంటి బోర్డు లేదు. అంతమాత్రాన మన ప్రతినిధులకు ఈ బాధ్యత లేదని కాదు. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికేలా చూసే బాధ్యతను వార్డు సభ్యుల మీద కూడా పెట్టింది. చట్టం ఉంది, అడిగేవారే తక్కువ. ఓటు కోసం మన వాకిట్లోకి వచ్చినవారిని రోడ్డు గురించి, డ్రైనేజీ గురించి అడుగుతాం. మూడేళ్ల కిందట మన వీధిలో నాటిన మొక్కల్లో ఎన్ని బతికున్నాయని ఎప్పుడైనా అడిగామా? పిల్లలు ఆడుకునే స్థలంలో ఎవరో రాత్రికి రాత్రి ప్రహరీ కడితే ఎంతమందిమి నోరు విప్పాం?

తోటను పోగొట్టుకోవడానికి ఒక్క రోజు చాలు. దాన్ని తిరిగి సంపాదించడానికి మాత్రం ఒక జీవితం చాలదు. మనకు అప్పగించిన నేల మనది కాదు, మన పిల్లలది, వారి పిల్లలది. పదవిలో ఉన్నవారు కాపరులైతే, ఓటు ఉన్న మనం కూడా కాపరులమే. ఈ ఎండాకాలం మన గుమ్మం ముందున్న మొక్కకు ఒక బిందె నీళ్లు పోయడంతో ఆ పని మొదలుపెడదాం.