మధ్య చెవి: మూడు ఎముకల వంతెన

మా తరగతిలో వెనుక బెంచీన కూర్చుండు మిత్రుడొకడు హాజరు పిలిచినపుడు తరచు పలుకడు. చిన్న తరగతులలో ఇందుకై అతడు తినిన బెత్తపు దెబ్బలకు లెక్క లేదు. పొగరని కొందరు, మందబుద్ధి యని కొందరు అనుకొనిరి. ఎడమ చెవినుండి బాల్యముననే చీము కారెడిదని, ఇంటిలో వెచ్చని నూనె చుక్కలు పోసి ఊరకుండిరని అతడు మాతో చెప్పినది ఈ సంవత్సరమే. ఆ చెవిలో జరిగినదేమో తెలిసికొనవలెనన్న కోరికయే ఈ వ్యాసమునకు మూలము.

బయటికి కనిపించు డొప్పయే చెవి యని మనము సాధారణముగా తలంతుము. అసలు వినికిడి లోపలి చెవిలో, నత్తగుల్లవలె చుట్టుకొనిన కర్ణావర్తమున జరుగును. అది ద్రవముతో నిండియుండును. చిక్కంతయు ఇచటనే యున్నది. శబ్దము వచ్చునది గాలిలో, చేరవలసినది ద్రవములోనికి. గాలినుండి నీటిలోనికి పోబోవు శబ్దశక్తిలో 1000 పాళ్లకు సుమారు 999 పాళ్లు నీటి ఉపరితలమును తాకి వెనుకకు మరలిపోవును. నాగావళిలో మునిగి ఈదువానికి గట్టుమీది తల్లి పిలుపు వినరాకపోవుటకు కారణమిదియే.

ఈ చిక్కును విప్పునది మధ్య చెవి. ఇది గాలి నిండిన చిన్న గది. ఒకటి రెండు మిల్లీలీటర్లకు మించి పట్టదు. వెలుపలి గోడ కర్ణభేరి. అది సుమారు 0.1 మిల్లీమీటరు మందము గల పలుచని పొర. లోపలి గోడలో అండాకార గవాక్షమను సన్నని కిటికీ కలదు. ఈ రెంటి నడుమ కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు ఎముకలు వంతెనవలె నిలిచియున్నవి. మొదటి రెండును కమ్మరి సుత్తిని, దాగలిని పోలినవి. మూడవది రౌతు కాలుంచు రికాబువంటిది. ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ మాట క్రొత్త కాదు. తెలుగువారము దానిని వారి భాషనుండియే తెచ్చుకొంటిమి. ఈ రికాబు పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, బరువు 3 మిల్లీగ్రాములు. శరీరమున ఇంతకన్న చిన్న ఎముక లేదు. బిడ్డ పుట్టునప్పటికే ఈ మూడును పెద్దవారి కొలతకు వచ్చియుండుట మరియొక విచిత్రము.

బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో పనసమానును తొలిచి వీణలు చేయుట చూచినవారికి వీని పని సులభముగా బోధపడును. తంత్రి ఒంటరిగా మ్రోగిన ఆ మ్రోత గది దాటదు. తంత్రి క్రింది గుర్రము ఆ కంపనమును కుండపై వెడల్పాటి పలకకు అందించినపుడే గాలి బాగుగా కదలును. చెవిలో ఈ పనియే తలక్రిందుగా జరుగును. కర్ణభేరిలో కంపించు వైశాల్యము సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. రికాబు పాదము 3.2 మాత్రమే. వెడల్పుమీద పడిన బలమంతయు ఇరుకు చోటికి చేరుటచే ఒత్తిడి 17 రెట్లగును. ఎముకల తులాదండపు అమరిక దానిని మరి 1.3 రెట్లు చేయును. మొత్తము సుమారు 22 రెట్లు! గాలికిని నీటికిని నడుమ పోవలసిన శబ్దములో చాల భాగము ఈ విధముగా దక్కుచున్నది.

రికాబునకు అంటి స్టెపీడియస్ అను కండరము గలదు. పెద్ద శబ్దము వినబడగనే అది ఎముకను బిగబట్టి లోపలి చెవిని కొంత కాపాడును. అయితే స్పందించుటకు దానికి కొంత వ్యవధి కావలెను. పెండ్లి ఊరేగింపులో చెవి ప్రక్కన ప్రేలు బాణసంచాకు అది అడ్డుపడజాలదు.

గదికి గాలి వచ్చు త్రోవ ఒకటి కావలెను గదా. గొంతు వెనుకకు తెరచుకొను నాళమే అది. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు యూస్టాకీ పేర దానిని యూస్టేషియన్ నాళమందురు. శృంగవరపుకోటనుండి అరకు పోవు ఘాటు రోడ్డున చెవులు దిబ్బడవేయుట మనలో పలువురికి అనుభవమే. సుమారు 900 మీటర్ల ఎత్తునకు బయటి గాలి ఒత్తిడి పదింట ఒక వంతు తగ్గును. గదిలోని గాలి కర్ణభేరిని వెలుపలికి నెట్టును. గుటక వేసినపుడు నాళము తెరచుకొని, చిన్న చప్పుడుతో చెవి తేలికపడును.

పిల్లలలో ఈ నాళము పొట్టిది, దాదాపు అడ్డముగా నుండునది. జలుబు చేసినపుడు అది వాచి మూసుకొనును. గదిలోని గాలిని గోడల పొర పీల్చుకొనగా కర్ణభేరి లోనికి లాగబడును, ద్రవము ఊరును. గొంతులోని సూక్ష్మజీవులు అచటికి చేరిన చీము పట్టును. రాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడ్చును. తెల్లవారునప్పటికి కర్ణభేరి చిల్లిపడి చీము బయటికి వచ్చును, నొప్పి చప్పున తగ్గును. నూనె పనిచేసినదని పెద్దలు సంతసించుట ఈ ఘట్టముననే! చాలమందికి ఆ చిల్లు తనంత తానే పూడుకొనును. పూడనివారికి చెరువునీరు చేరినప్పుడెల్ల, జలుబు చేసినప్పుడెల్ల చెవి మరల కారును. కర్ణభేరి చక్కగానున్నచో చెరువు స్నానమువలన మధ్య చెవికి చీము పట్టదు. చిల్లున్న చెవిలో నూనె, ఆకుపసరు పోయుట మాత్రము ప్రమాదము. ఈ గది పైకప్పునకు ఆవల మెదడున్నది. ముఖమును కదల్చు నరము దీని గోడలోనుండియే పోవుచున్నది.

మా మిత్రుని చెవిని భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని 512 శృతిదండముతో పరీక్షించితిమి. 1855లో జర్మను వైద్యుడు రిన్నె చెప్పిన పద్ధతి యిది. మ్రోగు దండపు కాడను చెవి వెనుక ఎముకపై నుంచి, మ్రోత ఆగినదని చెప్పగనే దండమును చెవి ముందునకు తేవలెను. మంచి చెవికి మ్రోత మరల వినిపించును. కుడిచెవితో అతడు వినెను. ఎడమ చెవితో వినలేదు. అనగా లోపలి చెవి పలుకుచునే యున్నది, వంతెనయే చెడినది. వైద్యుడును పరీక్షించి కర్ణభేరికి చిల్లున్నదని ధ్రువపరచెను. కణతపై కండరమును కప్పు పలుచని పొర ముక్కను తీసి దానిని పూడ్చుటకు వీలున్నది. ఇట్టి పరీక్షకు విశాఖపట్నము పెదవాల్తేరులో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కలదు. శ్రీకాకుళమునను, 2023 నుండి విజయనగరమునను ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి.

ప్రవేశ సమయమున ప్రతి విద్యార్థికిని ఈ పరీక్ష జరిపించవలెనని కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. దండము మన ప్రయోగశాలలోనే యున్నది. ఒక్కొక్కరికి రెండు నిమిషములు చాలును. మా మిత్రుని శస్త్రచికిత్స వేసవి సెలవులలో జరుగనున్నది. అంతవరకు అతడు మొదటి బెంచీలో, కుడిచెవి బల్లవైపునకు ఉండునట్లు, ఎడమ కొసను కూర్చొనుచున్నాడు.